డొమైన్ ఎవరి చేతుల్లో ఉందో ముందు చూసుకో

తమ్ముడూ,

నీ వ్యాపారం సైట్ చూశాను, చాలా బాగుంది. ఇక దాన్ని చూసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పాలి.

డొమైన్, అంటే నీ సైట్ అడ్రస్‌గా వాడే పేరు, ఎవరి పేరున ఉందో, రెన్యూవల్ మెయిల్స్ ఎవరికి వెళ్తున్నాయో ఈరోజే చూడు. నాకు సైట్ చేసిచ్చినతను తన మెయిల్ ఐడీయే ఇచ్చుకున్నాడు, తర్వాత ఆ మెయిల్ చూడటం మానేశాడు, గడువు దాటిన సంగతి నాకు తెలియనే లేదు. సైట్‌తో పాటు అదే పేరుతో ఉన్న నా మెయిల్ కూడా ఆగిపోయింది, ఆర్డర్ల కోసం రాసినవాళ్లంతా నేను పట్టించుకోవట్లేదని అనుకున్నారు, ఆ బాధ నాకింకా ఉంది. గడువు దాటిన డాట్ కామ్ పేరును రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) తొలగించాక వెనక్కి తీసుకోవడానికి 30 రోజులు ఉంటాయి, కానీ మామూలు ఫీజు కంటే చాలా ఎక్కువ కట్టాలి, అదీ దాటితే ఇంకో 5 రోజులకు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. అందుకే డొమైన్, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే సర్వర్ చోటు) రెండూ నీ పేరునే, నీ మెయిల్‌తోనే ఉండాలి. ఆ మెయిల్ కూడా ఇదే డొమైన్‌ది కాకుండా వేరేది పెట్టుకో, లేకపోతే డొమైన్ ఆగిన రోజు హెచ్చరికలూ అందవు.

ఎస్ఎస్ఎల్ (సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య సమాచారం ఇతరులు చదవకుండా కాపాడే ఏర్పాటు) సంగతి కూడా కనుక్కో. దానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్ మామూలుగా 90 రోజులకే అయిపోతుంది, దానంతటదే రెన్యూ అయ్యేలా ఉందో లేదో హోస్టింగ్ వాళ్లను అడుగు.

నీ సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసింది కాబట్టి ప్లగిన్ల (దానికి అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాముల) అప్‌డేట్లు వాయిదా వెయ్యకు, వాడనివి ఆపి వదిలేయకుండా పూర్తిగా తీసెయ్, పాత ప్లగిన్ల లోపాల్లోంచే చాలా సైట్లు హ్యాక్ అవుతాయి. అప్‌డేట్‌కు ముందు బ్యాకప్ తీసి, ఒక కాపీ హోస్టింగ్ బయట దాచు. ఆ బ్యాకప్‌ను ఒక్కసారైనా తిరిగి ఎక్కించి చూశావా? చూడకపోతే అది పనికొస్తుందని నమ్మకం పెట్టుకోకు.

ఇక నెలకోసారి నీ సైట్‌ను ఫోన్‌లో, కొత్త కస్టమర్ చూసినట్టు చూడు. పనివేళలు, ధరలు, నంబర్ సరిగ్గా ఉన్నాయా, గూగుల్ మ్యాప్స్‌లో ఉన్న వేళలే ఇక్కడా ఉన్నాయా, ఫారం నింపితే నీకు మెయిల్ వస్తుందా అన్నీ చూడు. ఫారం ఆగిపోతే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు తమ్ముడూ, ఊరికే వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోతారు. ఎప్పటిదో పండగ ఆఫర్ ఇంకా మొదటి పేజీలో కనిపిస్తే అసలు వ్యాపారం నడుస్తోందా అన్న అనుమానం వస్తుంది. రీడిజైన్ మాత్రం ఇప్పట్లో వద్దు, ఆ డబ్బుతో మంచి ఫొటోలు తీయించు.

డొమైన్ లాగిన్ దొరక్కపోతే టెన్షన్ పడకు, ఏ టైమైనా సరే ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి వెతుకుదాం.

అన్నయ్య