షుగరు తగ్గింది, ఇక మాత్రలెందుకు?

ప్రశ్న: డాక్టరు గారూ, మా మామగారికి 61 ఏళ్లు. నాలుగేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. ఐదు నెలల క్రితం పట్టుబట్టి తిండి మార్చుకున్నారు. అన్నం మధ్యాహ్నం ఒక్క పూటే, అదీ కొలత ప్రకారం. రాత్రికి కొర్రల ఉప్మా, కూర. సాయంత్రం కాలవ గట్టు మీద నడక. పొద్దున్నే పరగడుపున గ్లాసుడు కాకరకాయ రసం తాగి, షుగరు మాత్ర వేసుకుని, టిఫిన్ మాత్రం బాగా ఆలస్యంగా తింటారు. 84 కిలోల మనిషి 76కి దిగారు. మూడు నెలల సరాసరి షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 8.9 నుంచి 6.8కి వచ్చింది. కానీ ఈ మధ్య పదకొండు గంటలప్పుడు చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమటలు, ఊరికే విసుక్కుంటున్నారు. ఒకరోజు కుర్చీలోంచి లేవలేకపోయారు. ఇదంతా మాత్రల సైడ్ ఎఫెక్టేనని షుగరు, బీపీ, కొలెస్టరాల్ మాత్రలన్నీ ఒకేసారి మానేస్తానంటున్నారు. మా డాక్టరేమో ‘ఆ రసాలు మానెయ్యండి, మాత్రలు మానొద్దు’ అని ఒక్క ముక్కతో పంపేశారు. ఎవరి మాట వినాలి? మందుల చీటీ ఫొటో కూడా పంపుతున్నాను.
– ఒక కోడలు, నిడదవోలు

జవాబు: అమ్మా, ముందు ఆ పదకొండు గంటల సంగతి చూద్దాం. వణుకు, చెమట, విసుగు – ఇవి షుగరు బాగా పడిపోయినప్పుడు వచ్చే లక్షణాలు. ఈసారి అలా అయితే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మరోసారి ఇవ్వండి. మీటరు అందుబాటులో లేకపోతే దానికోసం ఆగొద్దు, ముందు చక్కెర ఇచ్చేయండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీరు పంపిన చీటీ చూశాను. ఆయన వేసుకునే బిళ్లలో రెండు మందులున్నాయి: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్. గ్లిమెపిరైడ్ చేసే పని క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్‌ను బయటికి రప్పించడం. మనిషి తిన్నాడా, పస్తున్నాడా అన్నది దానికి పట్టదు. పైగా ఆ మోతాదు రాసింది ఆయన 84 కిలోలు ఉండి, పూట పూటకీ అన్నం తింటున్న రోజుల్లో. ఇప్పుడు మనిషి మారారు, మోతాదు మారలేదు. దానికి తోడు పరగడుపున కాకర రసం. కాకరలో షుగరు తగ్గించే పదార్థాలున్న మాట నిజం. అయితే ఏ కాయలో ఎంత ఉందో, ఏ గ్లాసులోకి ఎంత దిగిందో చెప్పలేం. షుగరును దించే రసాన్ని కూడా మందుగానే లెక్కవేయాలి. గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నంత కాలం ఆ రసం వద్దు. కాకరకాయ కూర, వేపుడు శుభ్రంగా తినొచ్చు.

కాబట్టి మీ మామగారి అనుమానంలో సగం నిజముంది. మాత్ర ఎక్కువైంది. ఆయన కష్టం ఫలించింది కాబట్టే ఎక్కువైంది. ఐదు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గడమంటే మాటలు కాదు, ఆ మనిషికి నా తరఫున అభినందనలు చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. పడిపోతున్న షుగరుతో రోజులు నెట్టొద్దు. రేపే మీ డాక్టరుకు ఫోన్ చేసి ‘గ్లిమెపిరైడ్ తగ్గించాలా, ఆపాలా’ అని సూటిగా అడగండి. అప్పటిదాకా మాత్ర వేసుకున్నాక టిఫిన్ ఆలస్యం చేయొద్దు. ఒక నోటుపుస్తకంలో పరగడుపు షుగరు, టిఫిన్ తిన్న రెండు గంటలకు, భోజనానికి ముందు, పడుకునే ముందు అంకెలు రాయండి. వారం అంకెలు కళ్ల ముందుంటే ఏ డాక్టరైనా మాట్లాడతారు. ఇలా పుస్తకంతో వచ్చినవాళ్లకు మాత్ర తగ్గించడానికి నేను వెనకాడను. ‘ఒంట్లో బాగానే ఉందండీ’ అన్న మాట మీద మాత్రం తగ్గించలేను. అంకెలు చూపించినా వినని డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి, తప్పేం లేదు. పేషెంటు ఏం తింటున్నాడో అడగకుండా మోతాదు రాయడం నాకు నచ్చదు.

మామూలుగా ముందు తగ్గించేది గ్లిమెపిరైడే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు, అందుకే దాన్ని చివరిదాకా ఉంచుతాం. అది కిడ్నీలను తినేస్తుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. కిడ్నీల పని బాగా తగ్గినవాళ్లకు ఆ మందు ఆపేస్తాం, దాన్ని జనం తలకిందులుగా అర్థం చేసుకున్నారు. కిడ్నీలను పాడుచేసేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరు, బీపీ. మెట్‌ఫార్మిన్‌తో నిజంగా వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి: గ్యాసు, విరేచనాలు, ఏళ్లకేళ్లు వాడితే బి12 విటమిన్ తగ్గడం. అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే బి12 పరీక్ష అడగండి.

మెట్‌ఫార్మిన్ ‘కెమికల్’ అని మామగారు అంటే ఈ సంగతి చెప్పండి. యూరప్‌లో గలీగా అనే పాత వైద్యపు మొక్క ఒకటి ఉంది. అందులో షుగరు తగ్గించే పదార్థం దొరికింది, కానీ విషలక్షణం ఎక్కువ. దాని బంధువర్గంలోని మందునే శుద్ధంగా తయారుచేసి, మోతాదు తేల్చి, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు షుగరు రోగులకు పనిచేస్తుందని ప్రకటించాడు. మన సర్పగంధి కథా అలాంటిదే. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఆ వేరు బీపీని తగ్గిస్తుందని 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాకే ప్రపంచం దాన్ని పట్టించుకుంది.

బీపీ మాత్ర సంగతి వేరు. బరువు తగ్గితే బీపీ కూడా దిగుతుంది, ఆ మాత్ర కూడా తగ్గే అవకాశముంది. ఇంట్లో వారం పాటు బీపీ చూసి, అంకెలు చూపించి తగ్గించుకోండి. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివైతే ఉన్నట్టుండి ఆపితే గుండెకే ప్రమాదం. ఉప్పు రోజంతటికీ ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కొలెస్టరాల్ మాత్ర ఈ వయసులో షుగరున్న మనిషికి గుండెపోటు రాకుండా ఇచ్చేది, రిపోర్టులో అంకె బాగుందని దాన్ని మానకూడదు.

మాత్రలన్నీ మానే రోజు వస్తుందా అంటే, రావచ్చు. 2017లో బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. షుగరు వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లకు కొన్ని నెలలపాటు రోజుకు దాదాపు 850 క్యాలరీల ఆహారమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు మామూలు స్థాయిలో నిలిచింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో అది 86 శాతం. షుగరు, బీపీ మాత్రలు అక్కడ మొదటి రోజే ఆపేశారు కూడా. కానీ మొదటి నుంచీ వెన్నంటి పరీక్షించే వైద్య సిబ్బంది ఉన్నారు, అవసరమైన వాళ్లకు మళ్లీ మందు మొదలుపెట్టారు. మీ మామగారిది నాలుగేళ్ల షుగరు, ఇప్పటికే ఎనిమిది కిలోలు తగ్గారు. నాకు మంచి ఆశే ఉంది. మందులు లేకుండా మూడు నెలలు గడిచాక సరాసరి 6.5 కంటే తక్కువ ఉంటే జబ్బు వెనక్కి తగ్గినట్టే. అప్పుడు కూడా ఏడాదికోసారి కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్) పరీక్షలు వదలొద్దు.

కొర్రల గురించి ఒక్క మాట. వంద గ్రాముల కొర్రల్లో కూడా దాదాపు 60 గ్రాములు పిండి పదార్థమే. వాటికీ కొలత ఉండాల్సిందే.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఊళ్లోకి వచ్చే ఒకాయన దగ్గర ఆరు నెలలుగా పొట్లాల మందు వాడుతోంది. వారంలోనే నొప్పులు మాయమయ్యాయి, ఆకలి పెరిగింది. ఇప్పుడు ముఖం ఉబ్బింది, ఏ కాస్త తగిలినా చర్మం కమిలిపోతోంది, కొత్తగా షుగరు 190 వచ్చింది. అన్నీ మూలికలే అన్నారు. ఆపేయమంటారా?
– ఒక పాఠకుడు, మధిర

జవాబు: ఒక్కసారిగా ఆపొద్దు. ఇది చాలా ముఖ్యం.

మీరు రాసిన లక్షణాలు చూస్తే ఆ పొట్లంలో స్టెరాయిడ్ కలిపారని నా గట్టి అనుమానం. నా ఓపీకి ఇలాంటి తల్లులు వస్తూనే ఉంటారు. బుగ్గలు గుండ్రంగా నిండి ఉంటాయి, చేతులు కాళ్లు మాత్రం సన్నబడి ఉంటాయి. మెడ వెనక కొవ్వు పెరుగుతుంది. గాజులు ఒరుసుకున్న చోట నల్లగా కమిలిన మచ్చలు. చుట్టుపక్కల వాళ్లు ‘ఒళ్లు చేశావు, బాగున్నావు’ అంటారు. లోపల ఎముకలు గుల్లబారుతుంటాయి, షుగరు, బీపీ పెరుగుతుంటాయి.

నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే మన ఒంట్లో దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. హఠాత్తుగా పొట్లం ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. మిగిలిన పొట్లాలతో సహా అమ్మను ఈ వారమే ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. పొద్దున పూట కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్) రక్తపరీక్ష చేసి, లెక్క తెలిసిన స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఈలోగా వాంతులు, కళ్లు తిరగడం ఉంటే ఎమర్జెన్సీకే వెళ్లండి.

పేరు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు లేని ఏ మందూ ఇంట్లోకి రానివ్వొద్దు. డిగ్రీ చదివి, రిజిస్ట్రేషన్ ఉండి, ఇచ్చే మందు పేరు చీటీ మీద రాసే ఆయుర్వేద వైద్యుల గురించి నేనీ మాట అనడం లేదు. అయితే ముద్ర ఉన్నవన్నీ మంచివనీ చెప్పలేను. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షించి 2008లో ఫలితాలు వెల్లడిస్తే, దాదాపు ఐదింట ఒక వంతు వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి తేలింది. షుగరును నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం మన దేశంలో 1954 చట్టం ప్రకారం నేరం. అయినా గోడల మీద ఆ రాతలు పోవడం లేదు.

మోకాళ్లకు అసలు చికిత్స నిదానమైనది. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, పది అంకెలు లెక్కపెట్టి దించాలి. కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. బరువెక్కువుంటే తగ్గాలి.

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు. ఏడాది క్రితం టైప్ 1 షుగరు అన్నారు. రోజూ నాలుగు సూదులు. ఒకచోట ఉపవాసాలతో, రసాలతో ఇన్సులిన్ మాన్పిస్తామంటున్నారు. అత్తగారు వాళ్లు పంపమని పోరుతున్నారు.
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: పంపొద్దమ్మా. ఎవరు ఎంత పోరినా పంపొద్దు.

పెద్దవాళ్ల షుగరుకూ మీ బాబు షుగరుకూ పేరొక్కటే కలిసింది. బాబు ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే కణాలే నాశనమయ్యాయి. వాటిని ఏ రసమూ తిరిగి తేలేదు. ఉపవాస వైద్యం కొత్తదేమీ కాదు. ఇన్సులిన్ రాకముందు అమెరికాలో పిల్లలకు ఇచ్చిన చికిత్సే అది. ఎముకల గూడై, కొన్ని నెలలు ఎక్కువ బతికి చనిపోయేవారు. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి మొదటి ఇన్సులిన్ సూది వేశారు. అప్పటికి అతని బరువు 30 కిలోలు కూడా లేదు. ఆ తర్వాత 13 ఏళ్లు బతికాడు.

‘ఫలానా వాళ్ల అబ్బాయికి మాన్పించారట’ అని మీవాళ్లు చెబుతుండొచ్చు. జబ్బు బయటపడిన తొలి నెలల్లో, మిగిలిన కాసిని కణాలు కోలుకుని, ఇన్సులిన్ అవసరం బాగా తగ్గే దశ ఒకటి ఉంటుంది. ఆ సమయంలో ఎవరి దగ్గరికి వెళితే వాళ్లకు ఆ పేరు దక్కుతుంది. ఆ కణాలు కూడా పోయాక పిల్లవాడిని ఐసీయూకి తెస్తారు.

సూది మానేస్తే రోజు, రెండు రోజుల్లోనే వాంతులు, కడుపునొప్పి, ఆయాసంలా లోతైన ఊపిరి మొదలవుతాయి. అది ఎమర్జెన్సీ అని అత్తగారితో సహా ఇంట్లో అందరికీ తెలియాలి. జ్వరం వచ్చి బాబు సరిగా తినకపోయినా సూది పూర్తిగా ఆపకూడదు, మోతాదు డాక్టరును అడగండి. ఇంట్లో అందరూ తినే పప్పన్నం, కూర, పెరుగు బాబుకూ పెట్టండి. అన్నం ఎంతో చూసుకుని దానికి తగ్గ ఇన్సులిన్ వేయడం నేర్చుకుంటే చాలు.

ప్రశ్న: థైరాయిడ్ మాత్రను పొద్దున్నే టిప్పతీగ కషాయంతో వేసుకుంటున్నాను. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే పెరిగే రక్తపరీక్ష అంకె) తగ్గడం లేదు. మోతాదు పెంచాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు కషాయం ఆపి చూడండి. థైరాయిడ్ మాత్రను పరగడుపున ఉత్త మంచినీళ్లతోనే వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ కనీసం అరగంట, వీలైతే గంట తర్వాత. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ తక్కువైన వాళ్లలో చాలామందికి మూలం సొంత రోగనిరోధక శక్తి ఆ గ్రంథి మీద తిరగబడటమే. టిప్పతీగ ఆ శక్తినే రెచ్చగొడుతుంది. కోవిడ్ రోజుల్లో దాన్ని తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో వెల్లడించారు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే లివర్ పరీక్ష చేయించుకోండి. లేదంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు మాత్రను సరిగా వాడి మళ్లీ టీఎస్‌హెచ్ చూపించండి. మోతాదు సంగతి అప్పుడు తేల్చవచ్చు.