కావలివాడు ఇస్తే డైరీ మీదవుతుందా?

ప్రశ్న: మాది టెక్కలి. చారిత్రక నవల కోసం రెండేళ్ల క్రితం మా జిల్లాలోనే ఒక పాడుబడ్డ జమీందారీ దివాణం చూడబోయాను. కప్పు కూలిన గదిలో, భోషాణంలో చెదలు పట్టిపోతున్న రాణిగారి డైరీలు 3 కావలివాడు ఇచ్చేశాడు. ఫోన్‌పేలో రెండు వేలు వేశాను. పోయినేడు ఒక పేజీ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఇప్పుడు ఆమె మనవడు డైరీలు తిరిగివ్వాలని, నవల ఆపాలని నోటీసిచ్చారు. ఎస్టేటు ఏనాడో పోయింది. ఆమె 1962లోనే పోయారు, 60 ఏళ్లు దాటాయి. అమ్మినట్టు కావలివాడితో పాత తేదీ స్టాంపు కాగితం రాయించుకోమంటున్నారు మిత్రులు. చరిత్రను కాపాడటం తప్పా?

జవాబు: ఇచ్చినవాడికి ఇచ్చే హక్కుందా? మీ కేసంతా ఇక్కడే తేలుతుంది. కావలివాడికి ఆ హక్కు లేదు, కాబట్టి మీకూ రాలేదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీని తీసుకుంది గానీ, 18వ సెక్షను కింద సొంత భవనాలను యజమానులకే ఉంచింది. కప్పు కూలినా ఇల్లు వాళ్లదే, భోషాణమూ వాళ్లదే.

60 ఏళ్లు దాటాయి కాబట్టి కాపీరైటు తీరిపోయిందన్న లెక్కా తప్పే. రాసినవారు బతికుండగా అచ్చుకాని రచనకు గడువు మొదలయ్యేది అది అచ్చయిన మరుసటి ఏడాది నుంచి (కాపీరైటు చట్టం, 24వ సెక్షను). ఈ డైరీలు అచ్చే కాలేదు. అలాంటిది అడగకుండా పేజీ ఫొటో పెట్టడమేమిటండీ? రేపు కోర్టులో వాళ్లు దాఖలు చేసే మొదటి ఎగ్జిబిట్ అదే. వస్తువు ఎవరి దగ్గరుందో తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లలో దావా వేయొచ్చు. ఫొటో చూసే తెలుసుకున్నారనుకున్నా వాళ్లకింకా బోలెడు టైముంది. నోటీసు అందాక కూడా అట్టిపెట్టుకుంటే వ్యవహారం క్రిమినల్ వైపు తిరుగుతుంది.

పాత తేదీ కాగితం జోలికి మాత్రం చచ్చినా పోకండి. స్టాంపు ఏ రోజు, ఎవరికి అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది. ఇవాళ మీరు తెలియక తీసుకున్న మనిషి. ఆ కాగితం పుట్టిందంటే దొంగపత్రం సృష్టించిన ముద్దాయి, మీతోపాటు ఆ కావలివాడూ. దొంగచాటుగా ఎత్తుకురాలేదని చెప్పడానికి మీకున్న ఆధారం ఫోన్‌పే చెల్లింపే. దాన్ని భద్రంగా ఉంచుకోండి.

నోటీసు గడువులోపే న్యాయవాది ద్వారా జవాబివ్వండి. ఫేస్‌బుక్ పోస్టు స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుని, ఆ తర్వాత తొలగించండి. పేజీలెన్ని, చెదలు ఎక్కడెక్కడ తిన్నదీ ఇద్దరు సాక్షుల ముందు జాబితా రాసి, డైరీలు అప్పగించి రసీదు తీసుకోండి. లేకపోతే పేజీలు చించారన్న నింద మీ మీద పడుతుంది. అదే జవాబులో, ఆమె మాటలు నవలలో వాడుకునేందుకు రాతపూర్వక అనుమతి అడగండి.

ఇవ్వనన్నా నవల ఆపక్కర్లేదు. చారిత్రక వాస్తవాలపై, ఇతివృత్తంపై కాపీరైటు ఉండదని ఆర్.జి.ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె వాక్యాలు మాత్రం ఎత్తి రాయకండి. ఇంటిగుట్టు ఉన్న అధ్యాయాలను అచ్చుకు ముందే న్యాయవాదికి చూపించండి. వారసుల మనసు నొప్పించాలని చనిపోయినవారి పరువు తీసినా భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద నేరమే.