భర్త కడిగిన పాలసీసా మళ్లీ కడుగుతున్నా, ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. పాపకు ఎనిమిదో నెల. ప్రసూతి సెలవు అయిపోయి రెండు నెలల క్రితం డ్యూటీలో చేరాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే రాత్రి పదకొండు దాటాక గానీ నడుం వాల్చను. పగలు పాపను అత్తయ్య చూసుకుంటారు. మావారు సాయం చేస్తారు గానీ, ఆయన కడిగిన పాలసీసా మళ్లీ నేను కడిగితే తప్ప మనసొప్పదు. క్యాష్ కౌంటర్లో లెక్క తప్పుతుందేమోనని దడ. పాప మీద అరుస్తాను, తర్వాత బాత్రూంలో ఏడుస్తాను. "మేం నలుగుర్ని పెంచలేదా" అంటారు అత్తయ్య. ఉద్యోగం మానేద్దామా అనిపిస్తోంది.

జవాబు: రాజీనామా సంగతి మూడు నెలలు పక్కన పెట్టండి. ఈ నిద్రలేమిలో ఏ నిర్ణయం తీసుకున్నా తర్వాత పశ్చాత్తాప పడే అవకాశమే ఎక్కువ.

ముందు రక్తపరీక్ష. కాన్పయిన ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ గతి తప్పుతుంది. నీరసం, చిరాకు, గుండెదడ వస్తే పని ఎక్కువై అనుకుని ఊరుకుంటారు. థైరాయిడ్ తెలిపే టీఎస్‌హెచ్ పరీక్ష, హిమోగ్లోబిన్ చూపించుకోండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క.

ఇక ఏడుపు. బాలింత దిగులు మామూలుగా రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఎనిమిదో నెలలో ఉన్న ఏడుపు ఆ బాపతు కాదు. కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇమ్మని డాక్టరును అడగండి. పది ప్రశ్నలు, 30 మార్కులు, ఐదు నిమిషాల పని. 13 గానీ అంతకు మించి గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ. చివరి ప్రశ్న మనకు మనం హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి 'ఎప్పుడూ లేదు' తప్ప వేరే జవాబు వస్తే మార్కులు కూడి చూడనక్కర్లేదు, ఆ రోజే డాక్టరును కలవాలి. అర్ధరాత్రి అయినా 14416కి ఫోన్ చేయవచ్చు. అది మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందులు వాడితే పాలు మాన్పించాలేమోనని వెనకాడకండి. పాలిస్తూ వాడదగ్గ మందులు ఉన్నాయి.

నిద్ర ముక్కలైతే ఎన్ని గంటలు పడుకున్నా లాభం తక్కువ. ఒకే బిగిన నాలుగైదు గంటలు కావాలి. రాత్రి 9 నుంచి 2 వరకు పాప మీవారి వంతు, మీరు ముందే పిండి ఉంచిన మీ పాలు ఆయన పడతారు. మీరు వేరే గదిలో పడుకోండి. మొదటి మూడు నాలుగు రాత్రులు పాప ఏడుపు వినిపించి మీకు కాళ్లాగవు. మీరు లేచి వెళ్తే మాత్రం ఆయనకు ఆ పని ఎప్పటికీ రాదు.

అసలు చిక్కు సీసా దగ్గరుంది. ఆయన కడిగాక మళ్లీ కడిగితే మీ పని తగ్గదు సరికదా, కాపలా కూడా మీ మీదే పడుతుంది. చంటిపిల్ల విషయంలో నూటికి నూరు పాళ్లు కచ్చితంగా ఉండాల్సినవి కొన్నే. పాల శుభ్రత, మందు మోతాదు, టీకా తేదీ. వాటిని రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు ఉంటాయి. మన ఎండలకు ఆ లెక్క పనికిరాదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. లోపలి అరలో 4 రోజులు ఉంటాయి, తలుపు అరలో పెట్టకూడదు. పాప తాగి వదిలినవి 2 గంటలు దాటితే పారబోయాలి. మైక్రోవేవ్ వద్దు, పాలు ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి. వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచితే చాలు. కడిగేటప్పుడు పాలపీక విడదీసి, సబ్బునీళ్లతో బ్రష్ లోపలిదాకా తిప్పి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వాలి. ఇదంతా ఆయన ఒకసారి మీ ఎదుట చేశాక, మీరు ఆ సింకు జోలికి వెళ్లకండి. గౌన్లు ఎలా మడతపెట్టారు, ఉగ్గు కాస్త పలచనైందా అన్నవి చూసీ చూడనట్టు వదిలేయవచ్చు.

పనిని సగం కాదు, మొత్తం అప్పగించండి. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా ఉంటుంది. కార్డు వెతకడం, సెలవు పెట్టడం, జ్వరం వస్తే ఎంత మందు వేయాలో డాక్టరును అడిగి రాసుకోవడం, అన్నీ ఆయనవే. తేదీ ఫ్రిజ్ మీద ఉంది కాబట్టి మీరు గుర్తుచేసే పని లేదు.

సీసా శుభ్రంగానే ఉందని తెలిసీ చేతులు ఆగకపోయినా, పాపకేదో అవుతుందన్న ఆలోచన పదే పదే వెంటాడినా అది డాక్టరుతో చెప్పండి. అది గుణం కాదు, వైద్యం ఉన్న ఇబ్బంది.

బ్యాంకులో అడగాల్సినవి మూడు. 26 వారాల సెలవు గురించి అందరికీ తెలుసు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విరామం కాక, రోజుకు రెండు పాలవిరామాలు ఇవ్వాలని చట్టంలోనే ఉంది, వాటిని మాత్రం చాలామంది అడగరు. నోటిమాటగా కాదు, మేనేజరుకు రాసివ్వండి. క్యాష్ కౌంటర్ వదిలి లేవలేరు కనుక మూడు నెలలు వేరే సీటు ఇమ్మని అదే కాగితంలో కోరండి. పాలు పిండడానికి గడియ ఉన్న గది కావాలి, బాత్రూం కాదు. రొమ్ము గట్టిపడి, ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి, పాలివ్వడం మాత్రం ఆపకండి.

అత్తయ్యగారి మాటకు ఎదురు చెప్పకుండా, అప్పట్లో ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్లు ఉండేవారో అడగండి, నిజంగా తెలుసుకోవడానికే. పాకే పిల్లను రోజంతా ఒక్కరే పట్టుకోవడం ఆవిడకూ తేలిక కాదు, ఆ విసుగే అలా బయటపడుతుండవచ్చు. మధ్యాహ్నం రెండు గంటలు ఒక మనిషిని కుదర్చండి, మీ కోసమని కాకుండా ఆవిడ కునుకు తీయడానికని చెప్పి.