అందరూ అప్పులు తీర్చుకుంటే మాంద్యం నుంచి కోలుకోవడం ఎందుకు ఆలస్యమవుతుంది?

అప్పులు తీర్చుకున్న కుటుంబం బలపడుతుంది కదా, మరి మాంద్యం తర్వాత ఆర్థిక వ్యవస్థ పుంజుకోవడానికి అదే అడ్డమని ఎందుకంటారని మీరు అడిగారు. ఇంటి రుణాన్నీ, దానికి తోడైన మరో వ్యక్తిగత రుణాన్నీ ఆరేళ్లపాటు తీర్చినవాడిగా నా అనుభవం నుంచే సమాధానం చెబుతాను.

ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని రోజుల్లో మొదటిసారి లెక్క వేసుకుంటే, చేతికొచ్చే జీతంలో దాదాపు సగం వాయిదాలకే పోతున్నట్టు తేలింది. పాత బండి మార్చే ఆలోచన విరమించుకున్నాము, ఇంటికి రంగులు వేయించడం ఆపేశాము, మిగిలినదంతా అసలు కింద జమ చేస్తూ వచ్చాము. మా ఇంటి మటుకు అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే మేము వేయించని రంగులు ఎవరో ఒక పెయింటరుకు దక్కని కూలి. ఒక ఇల్లు ఇలా చేస్తే ఎవరికీ తెలియదు; లక్షల ఇళ్లు ఒకేసారి చేస్తే ఆ పెయింటరుకు పని తగ్గి, అతని అప్పు బరువెక్కి, అతను కూడా ఖర్చు తగ్గించుకుంటాడు. ఆదాయాలూ ధరలూ పడిపోతున్నప్పుడు, జనం తీర్చేకొద్దీ మిగిలిన అప్పు మరింత భారమవుతుందని అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1933లోనే వివరించాడు.

నేను కట్టిన సొమ్మును బ్యాంకు మరొకరికి అప్పిస్తుంది కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. మామూలు రోజుల్లో అది నిజమే. కానీ వాయిదాలోని వడ్డీ బ్యాంకుకు ఆదాయమవుతుంది గాని, అసలు సొమ్ము ఎవరికీ ఆదాయం కాదు. నా డిపాజిట్టూ నా రుణమూ ఆ మేరకు తగ్గుతాయి, అంతే. తీర్చగలిగే స్తోమత ఉన్నవాళ్లు కొత్తగా అప్పు అడగడానికి రానప్పుడు ఆ లోటు పూడదు.

వడ్డీ రేట్లు తగ్గించినా మందు వెంటనే పనిచేయకపోవడానికి కారణం కూడా నాకు అప్పుడే అర్థమైంది. రేటు తగ్గినప్పుడు, వాయిదా మొత్తం తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని బ్యాంకువాళ్లు అడిగితే, క్షణమైనా ఆలోచించకుండా గడువే తగ్గించమన్నాను. అంటే ఆ తగ్గింపులో ఒక్క వంతు కూడా నా ద్వారా బజారుకు చేరలేదు. అమెరికాలో 2008 డిసెంబరుకే అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటును సున్నా దరిదాపులకు దించింది. అయినా అక్కడి కుటుంబాల మొత్తం అప్పు, 2008లో చేరిన సుమారు 12.7 లక్షల కోట్ల డాలర్ల గరిష్ఠ స్థాయి నుంచి 2013 మధ్యనాటికి 11.2 లక్షల కోట్ల దాకా తగ్గుతూనే ఉండి, పాత స్థాయిని 2017లో గాని దాటలేదు. ఆ తగ్గుదల అంతా జనం కట్టినది కాదు, అందులో బ్యాంకులు రద్దు చేసుకున్న మొండి బకాయిలూ ఉన్నాయి. ఆ దేశంలో మాంద్యం లెక్క ప్రకారం 2009 జూన్‌లోనే ముగిసినా, నిరుద్యోగం అదే ఏడాది అక్టోబరులో 10 శాతానికి చేరింది.

ఆదాయం పెరుగుతుండగా తీర్చే అప్పు ఇంత హాని చేయదని నా అభిప్రాయం. కడుపు కట్టుకుని తీర్చే అప్పుతోనే చిక్కంతా. పైగా అప్పు తీరిన మర్నాడే ఖర్చు మొదలవుతుందని ఆశించడం కూడా పొరపాటు. చివరి వాయిదా కట్టాక మేము ముందుగా ఆరు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము వెనకేసుకున్నాము. ఇంటికి రంగులు పడింది ఆ మరుసటి ఏడాది.