నల్ల గొర్రెలను అమ్మాలా, ఉంచాలా?

ప్రశ్న: మాది జనగామ దగ్గరి పల్లె. కురుమ కుటుంబం. మందలో 52 దక్కని నల్ల తల్లి గొర్రెలు, 3 పొట్టేళ్లు ఉన్నాయి. ఇవి తాతల నాటి మంద. ఇవి కాక 2017 తర్వాత పెరిగిన నెల్లూరు సంకర రకం తల్లులు 60, పొట్టేళ్లు 3 ఉన్నాయి. నాన్న, తమ్ముడు మందను చూసుకుంటారు. నేను హన్మకొండలో 28,000 రూపాయల జీతానికి పని చేస్తున్నాను. నల్ల గొర్రెలు గిట్టుబాటు కావడం లేదని, వాటిని అమ్మేసి జాతీయ పశుసంపద మిషన్ కింద 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్‌కు 8 లక్షల బ్యాంకు రుణం తీసుకుందామని తమ్ముడు అంటున్నాడు. అంచనా వ్యయం 18 లక్షలు, అందులో 9 లక్షలు రాయితీ, మా వాటా ఒక లక్ష. నాన్న ససేమిరా అంటున్నారు. బ్యాంకులో 3.5 లక్షల డిపాజిట్ ఉంది. ఊళ్లో బంగారం తాకట్టు పెట్టి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 1.2 లక్షల అప్పూ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఉత్తరంతో పాటు మీ నాన్నగారి నోటుబుక్కు పేజీల ఫొటోలు పంపి మంచి పని చేశారు. ఏ గొర్రె ఏ పొట్టేలుకు ఈనింది, పిల్లకు ఏ చెవి కోశారు, సంతలో ఎంతకు పోయింది అన్నవి తేదీలతో సహా ఉన్నాయి కాబట్టి ఊహల మీద కాకుండా మీ సొంత అంకెల మీదే మాట్లాడుకోవచ్చు. ఇంత శ్రద్ధగా పద్దు రాసే దుకాణదారులను కూడా నేను ఎక్కువ మందిని చూడలేదు.

ముందుగా మీ తమ్ముడి లెక్క చూద్దాం. గత ఏడాది నల్ల గొర్రెలకు 44 పిల్లలు పుట్టగా 7 చనిపోయాయి, 10 ఆడపిల్లలను మందలో ఉంచుకున్నారు, మిగిలిన 27 సగటున 6,500 చొప్పున 1,75,500 తెచ్చాయి. సంకర గొర్రెలకు 54 పుట్టగా 12 చనిపోయాయి, 8 ఉంచుకున్నారు, 34 సగటున 8,200 చొప్పున 2,78,800 తెచ్చాయి. తల్లికి ఇంత అని పంచితే నల్లదానికి 3,375, సంకరానికి 4,647 పడుతుంది. తేడా 1,272 రూపాయలు. దాన్ని 52తో హెచ్చవేసి, నల్ల గొర్రెలు ఉంచుకోవడం వల్ల ఏటా 66 వేలు పోతున్నాయని మీ తమ్ముడు అంటున్నాడు. గుణకారంలో తప్పు లేదు, అయితే ఆ లెక్కలో ఖర్చు ఎక్కడా కనిపించదు.

ఖర్చుల పేజీలో మందులకు 38,000, ఎండాకాలం కొన్న మేతకు 52,000 అని ఉంది. ఆ పక్కనే మీ నాన్నగారు చిన్న అక్షరాలతో రాసిన వివరం ప్రకారం మందుల్లో 29,000, మేతలో 40,000 సంకర గొర్రెలకే పోయాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. దక్కని గొర్రె ఈ మెట్ట నేలల్లో, ఎండిన గడ్డి మీద, దూరం నడిచి బతకడానికి తరతరాలుగా అలవాటుపడిన జీవం. నెల్లూరు రకం పొడవుగా, బరువుగా పెరుగుతుంది కాబట్టి మాంసం వ్యాపారి దానికే ఎక్కువ ధర కడతాడు, కానీ ఆ బరువు నిలవాలంటే మేపు కూడా ఆ స్థాయిలోనే ఉండాలి. సంకర గొర్రెలకు లేని ఖర్చు ఒకటి నల్ల గొర్రెలకు ఉంది. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించాలి, దాని కూలి 3,600 అయ్యింది. ఒకప్పుడు ఆ ఉన్నితో గొంగడి నేసి నాలుగు డబ్బులు చూసేవారు, ఇప్పుడు కొనేవారు లేరని మీరే రాశారు కనుక ఉన్ని రాబడిని సున్నాగానే వేశాను.

ఈ విడి ఖర్చులు తీసేస్తే నల్ల గొర్రెల మిగులు 1,50,900, అంటే తల్లికి 2,902. సంకర గొర్రెల మిగులు 2,09,800, తల్లికి 3,497. తేడా 595 రూపాయలకు దిగింది. 52 తల్లుల మీద అది ఏడాదికి దాదాపు 31 వేలు. పెద్ద గొర్రెల మరణాలు కూడా సంకర మందలోనే ఎక్కువగా ఉన్నాయి కాబట్టి మంద పెరుగుదలను కలిపితే ఈ తేడా ఇంకా తగ్గుతుంది. అయితే మందలో పెరిగిన జీవం జేబులోకి వచ్చిన డబ్బు కాదు కనుక నేను దాన్ని కలపలేదు. ముసలి గొర్రెల అమ్మకం, ఎరువు కోసం రైతుల పొలాల్లో మంద ఆపినందుకు వచ్చే వడ్లు రెండు రకాలకూ వర్తించేవే. అందుకని వాటినీ పక్కన పెట్టాను.

అంటే మీ కుటుంబం ఈ జాతిని కాపాడుకోవడానికి నెలకు దాదాపు 2,600 రూపాయలు వదులుకుంటోంది. ఇది భరించగలిగిన మొత్తమే. ఇక మిగిలిన ప్రశ్న, దాన్ని ఎవరు భరిస్తున్నారు అన్నది.

మొత్తం మంద అమ్మకం 4,54,300. జీతగాడికి నెలకు 12,000 చొప్పున 1,44,000, వలస వెళ్లినప్పటి తిండికీ మేపుకూ 46,000, మందులు, మేత, కత్తిరింపు అన్నీ కలిపి ఖర్చు 2,83,600. మిగిలిన 1,70,700లో తాకట్టు వడ్డీ కింద 28,800 పోతే 1,41,900. దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 11,825 రూపాయలు. ఎండలో వానలో మందతో తిరిగే మీ నాన్నగారికీ తమ్ముడికీ ఇద్దరికీ కలిపి మిగిలేది అంతే. అది వారు పెట్టుకున్న జీతగాడి జీతం కన్నా తక్కువ. మీ తమ్ముడి కోపాన్ని మీరు మొండితనం అని రాశారు, ఈ అంకె చూశాక నాకు అలా అనిపించలేదు. నల్ల గొర్రెలు ఉండాలని మీ నాన్నగారు కోరుకుంటున్నారు, దూరంగా ఉన్న మీరూ కోరుకుంటున్నారు, దానికయ్యే 31 వేలు మాత్రం ఆ నెలకు 11,825లో నుంచి, అంటే సగం మీ తమ్ముడి కష్టంలో నుంచి పోతున్నాయి. కాబట్టి నా మొదటి సలహా మీ జీతానికి సంబంధించినది. ప్రతి నెలా 2,600 రూపాయలు మీ ఖాతా నుంచి తమ్ముడి ఖాతాకు నేరుగా పంపండి. అది సాయం కాదు, నల్ల మందలో మీ వాటా ఖర్చు అని స్పష్టంగా చెప్పి పంపండి. ఏడాదికోసారి నోటుబుక్కు చూసి ఆ మొత్తాన్ని సవరించుకోండి.

ఇప్పుడు అమ్మకం, కొత్త రుణం సంగతి. సంతలో నల్ల తల్లికి 7,000 ఇస్తామంటున్నారని, నెల్లూరు రకం తల్లి 10,500 పలుకుతోందని రాశారు. ఒకదానిని ఇచ్చి మరొకటి తెచ్చుకుంటే తలకు 3,500 చొప్పున 1,82,000 చేతి నుంచి పడుతుంది. ఏటా 31 వేలు ఎక్కువ వస్తాయనుకున్నా ఆ పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు ఆరేళ్లు కావాలి. ఆరేళ్లలో ఆ గొర్రెలు ముసలివైపోతాయి. కొత్తగా తెచ్చిన జీవాలు మొదటి వానాకాలంలో నీలి నాలుక, పీపీఆర్ (పారుడు రోగం) లాంటి రోగాలకు ఎంత లొంగుతాయో గొల్ల కురుమ ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 1,25,000 రూపాయల యూనిట్లను 75 శాతం రాయితీతో పంచినప్పుడు బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన జీవాల్లో ఎన్ని నిలిచాయో మీ ఊళ్లోనే అడిగి చూడవచ్చు.

8 లక్షల రుణాన్ని 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు 17,400, ఏడాదికి 2,08,700. కొత్తగా వచ్చే 100 తల్లులు ఇప్పటి సంకర గొర్రెలంత బాగా ఈనుతాయనే అనుకుందాం, 3,49,700 మిగులుతుంది. అన్ని జీవాలకు మరో జీతగాడు తప్పడు, అతనికి 1,44,000 పోతే 2,05,700. అది వాయిదాకు కూడా మూడు వేలు తక్కువ. పైగా చూడి కట్టిన గొర్రె ఈనడానికి ఐదు నెలలు, పిల్ల అమ్మకానికి రావడానికి మరో మూడు నాలుగు నెలలు పడుతుంది. వాయిదా అప్పటిదాకా ఆగుతుందన్న నమ్మకం లేదు. ఆ పథకంలో రాయితీ 50 శాతం, ఈ పరిమాణపు యూనిట్‌కు గరిష్ఠంగా 10 లక్షలు అన్నది నిజమే, కానీ అది పని నడిచేకొద్దీ రెండు విడతల్లో బ్యాంకు ద్వారా వస్తుంది, ముందుగా చేతికిచ్చే డబ్బు కాదు. సొంత మేత భూమి, షెడ్డు ఉండి, వాయిదాలకు వేరే రాబడి ఉన్నవారికి అది మంచి పథకమే. మీ ఇంటి ఇప్పటి లెక్కకు అది సరిపోదు.

మీ పద్దులో నాకు కలవరం కలిగించింది నల్ల గొర్రెల పద్దు కాదు, రెండు రూపాయల వడ్డీ పద్దు. 1.2 లక్షల మీద ఏడాదికి 28,800 కడుతూ, 7 శాతం వచ్చే డిపాజిట్‌లో 3.5 లక్షలు ఉంచడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. డిపాజిట్ నుంచి 1.2 లక్షలు తీసి బంగారం విడిపించుకుంటే 8,400 వడ్డీ రాబడి పోతుంది, 28,800 ఖర్చు ఆగుతుంది, నికరంగా 20,400 మిగులుతుంది. జాతిని కాపాడుకునే ఖర్చులో మూడింట రెండు వంతులు ఇక్కడే దొరికాయి. మిగిలే 2.3 లక్షలలో ఒక లక్షను మంద కోసం, మిగతాది ఇంటి వైద్యం, చదువుల కోసం వేర్వేరు డిపాజిట్లుగా పెట్టండి. రెండూ ఒకే ఖాతాలో ఉంటే మేత కొనే నెలలో ఇంటి డబ్బు కూడా కరిగిపోతుంది.

ఎండాకాలం మేతకూ జీతగాడి జీతానికీ మళ్లీ తాకట్టు గడప తొక్కకుండా పశుపోషణకు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డుకు దరఖాస్తు చేయండి. ఈ సౌకర్యాన్ని 2018-19 నుంచి పశుపోషకులకూ వర్తింపజేశారు, దీనికి భూమి ఉండాలన్న నిబంధన లేదు. 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా తీర్చినవారికి 3 శాతం తగ్గింపు, అంటే చివరికి 4 శాతమే పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తాకట్టు కూడా అడగకూడదు. దసరాకు పొట్టేళ్లకు మంచి ధర పలుకుతుంది కాబట్టి కార్డు అప్పు తీర్చే నెలను దసరా అమ్మకాలకు జతపరచుకోండి. గడువు ఒక్కరోజు దాటినా ఆ 3 శాతం పోతుంది.

రెండో పొదుపు మీ సంకర మందలోనే ఉంది. చనిపోయిన 12 పిల్లల విలువ 98,400. అందులో సగం బతికినా 49,200, నల్ల గొర్రెలు అమ్మితే వచ్చే 31 వేల కన్నా ఎక్కువ. నట్టల మందు, పీపీఆర్ టీకా, వానలకు ముందు నీలి నాలుక టీకా, చిటుకు రోగం టీకా పశువైద్యశాలలో ఏ నెలలో ఇస్తారో అడిగి, నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసుకోండి. పత్తి ఏరిన చేలలో మేపేటప్పుడు చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో ఆ రైతును అడగకుండా మందను దించవద్దు. 2006లో వరంగల్ పల్లెల్లో పత్తి చేలలో మేసిన గొర్రెలు చనిపోవడానికి కారణమేమిటన్న దాని మీద ఎంత వాదన జరిగినా, నష్టపోయింది మాత్రం కాపరులే.

బీమా విషయానికి వస్తే, 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ప్రీమియంలో పెంపకందారు వాటాను 15 శాతానికి తగ్గించి, పరిమితిని 10 పశు యూనిట్లకు, అంటే 100 గొర్రెలకు పెంచింది. మీ దగ్గర పెద్ద జీవాలు 118 ఉన్నాయి కాబట్టి ముందు నల్లవి 55, తర్వాత సంకర తల్లుల్లో 45 చేయించండి. చెవి ట్యాగు పోతే వెంటనే కొత్తది వేయించాలి, ట్యాగు లేని జీవానికి పరిహారం రాదు. అయితే బీమా చెల్లించేది మాంసం విలువనే. మీ నాన్నగారు ఎంచి నిలుపుకున్న పొట్టేలు పోతే అలాంటిది డబ్బుతో దొరకదు. అందుకే 10 నల్ల తల్లులను, ఒక పొట్టేలును వేరే ఊళ్లోని దగ్గరి బంధువుకు సగం వాటాకు ఇచ్చి ఉంచండి. ఒక రోగం వచ్చి మంద మొత్తం పోకుండా అది కాపాడుతుంది. పుట్టిన పిల్లల్లో ఎవరి వాటా ఎంత, తల్లి చనిపోతే నష్టం ఎవరిది అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. బంధువుల మధ్య కాగితం ఎందుకని మొహమాటపడితే తర్వాత బంధుత్వమే చెడుతుంది.

మూడే పొట్టేళ్లతో ఏళ్ల తరబడి నడిస్తే దగ్గరి రక్తం కలిసి ఈత తగ్గుతుంది, ఇది కూడా రాబడికి సంబంధించినదే. రెండేళ్లకోసారి పొట్టేలును మార్చాలి. సంక్రాంతికి ఐలోని (ఐనవోలు) మల్లన్న జాతరకు వచ్చే కురుమ కుటుంబాల్లో నల్ల మంద ఉన్నవారిని వాకబు చేసి పొట్టేలుకు పొట్టేలు మార్చుకుంటే ఖర్చు ఉండదు. మార్చుకునే ముందు మామునూరు పశువైద్య కళాశాల వారి సలహా తీసుకోండి. జాతి పొట్టేళ్లకు మంచి ధర వస్తుందని, కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశీ జాతులను కాపాడేవారికి పురస్కారాలు ఇస్తుందని మీరు రాసినది సరైనదే, దరఖాస్తు కూడా చేయండి. కానీ వాటిని రాబడి పద్దులో ముందే రాయవద్దు. మీరు ఏ అప్పు తెచ్చినా అది మాంసం ధరతోనే తీరాలి, జాతి విలువను నమ్ముకుని ఒక్క రూపాయి కూడా అప్పు చేయకూడదు.

పన్ను గురించి క్లుప్తంగా చెబుతాను. గొర్రెల పెంపకం వ్యవసాయ ఆదాయం కిందికి రాదు, వ్యాపార ఆదాయమే, కానీ మీ స్థాయిలో కట్టవలసిన పన్ను ఏమీ ఉండదు. ఒకే వ్యాపారి నుంచి ఒకే రోజు 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవద్దు, బ్యాంకు ద్వారా తీసుకోండి. ఆ ఖాతా పద్దులే రేపు కార్డు పరిమితి పెంచమని అడిగేటప్పుడు మీకు ఆధారం.

తమ్ముడు అంటున్న బ్యాంకు రుణం సంగతిని ఇప్పుడు ముందుకు నడపవద్దు. వచ్చే దసరా అమ్మకాలు అయ్యాక ముగ్గురూ కూర్చుని నోటుబుక్కు తిరగేయండి. సంకర పిల్లల మరణాలు ఆరుకు తగ్గి, కార్డు అప్పు గడువులోగా తీరి, తాకట్టు మళ్లీ పెట్టకుండా ఏడాది గడిచి ఉంటే, అప్పుడు 100 కాకుండా 30 సంకర తల్లులను సొంత మిగులుతో పెంచే విషయం ఆలోచించవచ్చు. ఆ అంకెలు పంపితే మళ్లీ లెక్క చూసి చెబుతాను.