సైకాలజీ మేజర్ తీసుకుందామనుకుంటే మొదటి ఏడాది ఏ సబ్జెక్టులు ఎంచుకోవాలి?

ఇంటర్ బైపీసీ అయింది, విశాఖలోనే డిగ్రీ, లెక్కలంటే భయం అన్నారు కదా. అయినా నా మొదటి సలహా స్టాటిస్టిక్స్. మేజర్ అంటే ప్రధాన సబ్జెక్టు; దానితో పాటు మైనర్, అంటే రెండో సబ్జెక్టు, ఎంచుకునే వీలుంటే దాన్నే తీసుకోండి.

ఎందుకంటే, 1879లో జర్మనీలోని లైప్జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ అనే శాస్త్రవేత్త సైకాలజీ ప్రయోగశాల పెట్టినప్పటి నుంచీ సైకాలజీ కొలతల మీద నడిచే శాస్త్రం. ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ ఎక్కువ అమ్ముడైన రోజుల్లోనే సముద్రంలో మునిగే ప్రమాదాలూ ఎక్కువ అనుకుందాం. తప్పు మిక్స్చర్‌ది కాదు, ఆ రోజు జనం ఎక్కువ. రెండూ కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని పట్టుకోవడమే ఈ చదువులో సగం పని. సగటు, ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత), సహసంబంధం (రెండు విషయాలు ఎంతవరకు కలిసి మారుతున్నాయో చెప్పే కొలత) అర్థమైతే భయం చాలావరకు పోతుంది. ఇంటర్ బైపీసీలో గణితం లేకపోవడం దీనికి అడ్డు కాదు, పదో తరగతి లెక్కలు వస్తే మొదలుపెట్టొచ్చు.

జువాలజీలో నాడీవ్యవస్థ పాఠం మళ్లీ తిరగేయండి, మెదడు గురించి చదివేటప్పుడు అదే పునాది. మైనర్‌గా స్టాటిస్టిక్స్ దొరక్కపోతే సోషియాలజీ మంచిదే. ఇంగ్లీషులో రాయడం మాత్రం రోజూ సాధన చేయండి, పరిశోధనా వ్యాసాలు ఎక్కువగా అందులోనే ఉంటాయి.

ఇంకో మాట, ఇంట్లోవాళ్లకూ చెప్పండి: మందులు రాసే సైకియాట్రిస్టు కావాలంటే ఎంబీబీఎస్ దారి. క్లినికల్ సైకాలజిస్టుకు ఎంబీబీఎస్ అక్కర్లేదు. కానీ డిగ్రీతో సరిపోదు, పై చదువులు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు కావాలి.