గేరుబాక్సు మారిన బండికి క్రూజ్ కంట్రోల్: వేగం సిగ్నలు ఎక్కడి నుంచి?

ప్రశ్న: నా దగ్గర పాత డీజిల్ పికప్ ట్రక్కు ఉంది. రెండేళ్ల క్రితం మరో బండి ఇంజిన్, గేరుబాక్సు వేయించి ఆర్‌.సి.లో నమోదు చేయించాను. టైర్లు కూడా మునుపటి కంటే పెద్దవి. వారానికి మూడు సార్లు పెద్ద అంబర్‌పేట నుంచి పటాన్‌చెరు దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద సరుకు తోలుతాను. కాలు పట్టేస్తోందని, యాక్సిలరేటర్ కేబులును మోటారుతో లాగి, కాలు పెట్టకుండానే బండి వేగాన్ని నిలబెట్టే క్రూజ్ కంట్రోల్ కిట్టు కొన్నాను. దానికి వేగం సిగ్నలు ఇవ్వాలంటున్నారు. కొత్త గేరుబాక్సుకు మీటరు కేబులు తగిలించే చోటు లేదు, అప్పటి నుంచి మీటరు ముల్లు కూడా కదలడం లేదు. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, వనస్థలిపురం)

జవాబు: ముల్లు కదలకుండా రెండేళ్లు సరుకు బండి నడపడం నాకు ఆందోళన కలిగించింది. ఇప్పుడు మీరు చేయించబోయే పని ఎలక్ట్రానిక్ మీటరుకు కూడా పనికొచ్చేలా చేయించుకోండి, ఎందుకంటే రెండింటికీ కావలసిన సిగ్నలు ఒకటే.

ఆ సిగ్నలు అంటే చక్రాలతో పాటు తిరిగే ఏదో ఒక భాగం నుంచి వచ్చే విద్యుత్ పల్సులు. మీరు సెట్ బటను నొక్కిన క్షణంలో సెకనుకు ఎన్ని పల్సులు వస్తున్నాయో కిట్టు గుర్తు పెట్టుకుంటుంది. ఆ లెక్క తగ్గితే కేబులును లాగుతుంది, పెరిగితే వదులుతుంది. కాబట్టి వేగాన్ని నిలబెట్టే పనికి పల్సులు తడబడకుండా, సమంగా రావడమే ముఖ్యం. కిలోమీటరుకు ఎన్ని అన్న లెక్క కొంత అటూ ఇటూ అయినా వేగం నిలబడుతుంది. అయితే ఏ వేగం దాటాక సెట్ కావాలి, ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత గట్టిగా లాగాలి అన్నవి ఆ లెక్క మీదే ఆధారపడతాయి. మీటరుకైతే లెక్క కచ్చితంగా ఉండి తీరాలి.

ముందుగా బండి కిందకు వెళ్లి గేరుబాక్సు వెనుక కొసను, అంటే వెనుక చక్రాలను తిప్పే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే వైపును, శుభ్రంగా తుడిపించి చూడండి. సెన్సరు ఉండవలసిన రంధ్రానికి మూత బిగించి ఉండవచ్చు, లేదా వైరు తెగిన సెన్సరు మట్టి కింద దాగి ఉండవచ్చు. మూడు వైర్లుంటే అది చాలావరకు అయస్కాంత ప్రభావాన్ని పసిగట్టే హాల్ సెన్సరు: ఒకటి కరెంటుకు, ఒకటి ఎర్తుకు, ఒకటి సిగ్నలుకు. అది మెల్లగా తిరిగినా స్పష్టమైన పల్సు ఇస్తుంది. రెండే వైర్లుంటే చాలావరకు కాయిల్ రకం. దాని ఓల్టేజీ వేగంతో పాటు పెరుగుతుంది, నెమ్మదిగా వెళ్లేటప్పుడు బాగా బలహీనంగా ఉంటుంది. మీ కిట్టు ఈ రకాన్ని తీసుకుంటుందో లేదో దాని కాగితంలో చూసుకోండి.

అక్కడ ఏమీ లేకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద అయస్కాంతాలు బిగించి, ఎదురుగా పికప్ కాయిల్ పెట్టించండి. దీనికి గేరుబాక్సు దగ్గరి కొసనే ఎంచుకోవాలి. వెనుక కొస యాక్సిల్‌తో పాటు ప్రతి గుంతకూ పైకీ కిందకూ ఊగుతుంది కనుక అక్కడ పెడితే దూరం మారిపోతూ పల్సులు తప్పిపోతాయి. అయస్కాంతాలు రెండు, సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. ఒక్కటే పెడితే షాఫ్ట్ బరువు ఒకవైపుకు లాగి వణుకు పుడుతుంది. టేపుతో చుట్టిన అయస్కాంతం వేసవి వేడికి జిగురు కరిగి ఎగిరిపోయిన బండిని నేను చూశాను. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీతో బిగించి, పట్టీ కొసలు ఎక్కడా పొడుచుకు రాకుండా కత్తిరించాలి. కాయిల్ వైర్లను మెలిపెట్టి, ఆల్టర్నేటరుకూ సైలెన్సరుకూ దూరంగా తీసుకెళ్లండి.

ఇక లెక్క. బరువు వేసిన బండిని చదును నేల మీద నిలిపి, వెనుక టైరు నేలను తాకే చోట సుద్దతో గీత గీయండి. గీత మళ్లీ కిందకు వచ్చేదాకా బండిని నెట్టి ఆ దూరాన్ని కొలవండి. తరువాత బండిని న్యూట్రల్‌లో పెట్టి, నేల మీద ఉండే మూడు చక్రాలకూ దిమ్మలు వేసి, వెనుక చక్రాన్ని ఒక్కదాన్నే జాకీతో లేపండి. జాకీని నమ్మి బండి కిందకు దూరవద్దు, స్టాండు తప్పనిసరి. ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. రెండో చక్రం కదలకుండా ఉంటుంది కనుక డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాలనూ వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లోపల చలనం సగమవుతుంది. అందుకే ఒక చుట్టు కాదు, రెండు చుట్లు తిప్పమంటున్నాను. వచ్చిన సంఖ్యే యాక్సిల్ నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క.

ఉదాహరణకు చక్రం చుట్టు 2.2 మీటర్లు, నిష్పత్తి 4.1 అనుకుందాం. కిలోమీటరుకు చక్రం సుమారు 455 చుట్లు, షాఫ్ట్ 1,865 చుట్లు తిరుగుతాయి. రెండు అయస్కాంతాలతో 3,730 పల్సులు వస్తాయి. చాలా కిట్లలో ఈ లెక్క మైలుకు ఉంటుంది: 2,000, 4,000, 8,000. కిలోమీటరుకు చూస్తే ఇవి సుమారు 1,243, 2,486, 4,971. మన 3,730 చివరి రెండింటి మధ్య పడుతుంది. నేనైతే 8,000నే ఎంచుకుంటాను. అప్పుడు కిట్టు బండి వేగాన్ని తక్కువగా అంచనా వేస్తుంది కనుక, ఉదాహరణకు గంటకు 40 కిలోమీటర్లు దాటాక సెట్ కావలసినది దాదాపు 53 దాటితే గానీ సెట్ కాదు. ఎల్‌.బి.నగర్ రద్దీలో పొరపాటున బటను తగిలినా ప్రమాదం ఉండదు. 4,000 పెడితే 27 కిలోమీటర్ల వేగానికే పట్టుకుంటుంది, అది నాకు ఇష్టం లేదు.

సిగ్నలు కుదిరాక చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. బ్రేకు తొక్కగానే, క్లచ్ తొక్కగానే కిట్టు వదిలిపెట్టాలి. క్లచ్ స్విచ్ లేకపోతే, మీరు క్లచ్ తొక్కిన క్షణంలో ఇంజిన్ మీద భారం పోతుంది, బండి వేగం తగ్గుతుంటే మోటారు ఇంకా లాగుతుంది, ఇంజిన్ అరుపు అందుకుంటుంది. మరో సంగతి: కొన్ని కిట్లు బ్రేకు బల్బు ఫిలమెంట్ గుండానే ఎర్తు దొరుకుతోందో లేదో చూసుకుంటాయి. నా సొంత బండికి ఎల్‌ఈడీ బ్రేకు లైట్లు వేయించాక క్రూజ్ కంట్రోల్ అసలు పట్టుకోలేదు. రెండు ఆదివారాలు వేగం సిగ్నలును అనుమానించిన తరువాత తెలిసింది, లోపం బ్రేకు వైపుది. మధ్యలో ఒక రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) పెట్టించగానే సరిపోయింది.

మీ బండికి స్పీడ్ గవర్నర్ (వేగం హద్దు దాటకుండా ఆపే పరికరం) అమర్చి ఉంటే దాని సీలును గానీ వైర్లను గానీ ముట్టుకోవద్దు, అక్కడి నుంచి సిగ్నలు పంచుకోవాలని మెకానిక్ చెప్పినా ఒప్పుకోవద్దు.

ప్రశ్న: నా బండికి కూడా ఇదే అవసరం పడింది. షాఫ్ట్ జోలికి పోకుండా జీపీఎస్ పరికరం నుంచి, లేదా ఏబీఎస్ సెన్సరు వైరు నుంచి సిగ్నలు తీసుకోకూడదా? (ఒక పాఠకురాలు, కొంపల్లి)

జవాబు: జీపీఎస్ మీటరుకు పనికొస్తుంది. క్రూజ్ కంట్రోల్‌కు నేను సిఫారసు చేయను, ఎందుకంటే బండి వేగం మారిన సంగతి అది కొంత ఆలస్యంగా చెబుతుంది, ఫ్లైఓవర్ కింద దూరినప్పుడు సిగ్నలు తెగిపోవచ్చు. అలా తెగిన క్షణంలో కిట్టు యాక్సిలరేటరును వదిలేస్తే మీ వెనుక వచ్చే లారీ డ్రైవరుకు కారణం తెలియదు. ఏబీఎస్ వైరును మాత్రం అసలు కోయవద్దు. ఆ సిగ్నలు బ్రేకులకు చెందినది, దానికి మరో పరికరం తగిలిస్తే చక్రం జారుతోందో లేదో గుర్తించే పనే దెబ్బతినవచ్చు. మీ ప్రశ్నలో బండి వివరాలు లేవు. అది ఈ కాలపు కంప్యూటరు ఇంజిన్ బండి అయితే వేగం సమాచారం ఇప్పటికే క్యాన్ వైర్ల (బండిలోని కంప్యూటర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే వైర్లు) మీద తిరుగుతూ ఉంటుంది, దాన్ని చదివి పల్సులుగా మార్చే పరికరం ఉంటే షాఫ్ట్ జోలికి పోనక్కర్లేదు. బండి మోడల్, తయారైన సంవత్సరం రాసి పంపితే వచ్చే సంచికలో వివరంగా చెబుతాను.